జిగురత్త స్టూలు

ఏమన్నాడూ మీ మేనేజరు? జీతం సంగతి ఎత్తితే "ఇక్కడ మనమంతా ఒకే కుటుంబం" అన్నాడా? ఓరి వాడి దుంపతెగ! ఇంకా ఆ మాట బతికే ఉందన్నమాట. నవ్వక ఏం చెయ్యమంటావే, నీ వయసులో నేనూ విన్నాను దాన్ని. ఉండు, ఆ స్టూలు లాక్కుని ఇలా కూర్చో. జిగురత్త సంగతి నీకెప్పుడూ చెప్పలేదు కదూ?

బైండింగు షాపులో నాతో పనిచేసేది. అసలు పేరేమిటో... ఉండు... ఊహూఁ, తట్టడం లేదు. అందరికీ జిగురత్తే. మేం నలుగురం పుస్తకాలు కుట్టేవాళ్ళం, ఆవిడ మైదాపిండి కాచి జిగురు చేసేది. తేలికనుకోకు. మంట కాస్త ఎక్కువైతే అడుగంటుతుంది, చెయ్యి ఆగిందా ఉండలు కడుతుంది. చివర్లో చిటికెడు మైలుతుత్తం, పురుగు పట్టకుండా. పొద్దుటినుంచి సాయంత్రందాకా పొయ్యి ముందు నిలబడి తిప్పడమే. పొట్టి మనిషి, నోరు మాత్రం అబ్బో! ఓసారి నేను ఒక పుస్తకానికి అట్ట తలకిందులుగా అతికించాను. "ఏం అబ్బాయ్, దీన్ని శీర్షాసనం వేసి చదవాలా?" అంది. అంతే, నా పేరు శీర్షాసనం అయిపోయింది. మీ నానమ్మకి చెప్పకు. సరే, ఎక్కడున్నాను?

ఆఁ, చట్టం సంగతి చెప్పాలి. కనీస వేతనమని కొత్తగా వచ్చింది. రోజుకి ఇంతకి తక్కువ ఇవ్వకూడదు, ఆ రేట్ల కాగితం గోడకి అంటించాలి. మాకొచ్చేదానికి రెట్టింపు! జిగురత్తకైతే మూడింతలు, ఆవిడకి మాకంటే తక్కువిచ్చేవాడు మా ఓనరు. దుర్మార్గుడు కాదులే, పిసినారి. కాగితం అంటించినట్టే అంటించి, దాని మీద క్యాలెండరు తగిలించాడు. ఆ కాగితం అంటించడానికి జిగురు కాచిందీ ఆవిడే!

ఒకరోజు లేబర్ ఇన్‌స్పెక్టరు దిగాడు. మా నలుగురి పేర్లూ రాసుకుని, "మరి ఆవిడ?" అన్నాడు. మా ఓనరు తడుముకుంటేనా! "అబ్బే, ఆవిడ జీతానికి పెట్టుకున్న మనిషి కాదండీ, మా అత్తయ్య. ఇంట్లో పొద్దుపోక వచ్చి ఓ చెయ్యేస్తుంటుంది" అన్నాడు. మేం తలలు దించుకున్నాం. కాదంటే ఆవిడ పని ఊడుతుంది, అవునంటే ఆ ముష్టి జీతమే ఖాయం. ఇంట్లో మంచాన పడ్డ మొగుడు, ఆవిడ తెస్తేనే తిండి. ఆవిడ గరిటె ఆపలేదు. తిప్పుతూనే అంది, "అత్తనైతే పదకొండేళ్ళలో ఒక్కసారైనా కూర్చోమన్నావా అల్లుడూ?"

ఇన్‌స్పెక్టరు పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. ఆరేళ్ళు ఆవిడ పక్కనే పీట మీద కూర్చుని కుట్టాను తల్లీ. ఆవిడకి కూర్చోడానికి ఏమీ లేదని ఒక్కనాడూ గమనించలేదు.

ఇన్‌స్పెక్టరు ఆవిడ పేరైతే రాసుకున్నాడు. మర్నాడు మా ఓనరు, "ఈ రేటుకి నిన్ను పెట్టుకోలేను, రాకు" అనేశాడు. చూడు మరి, మాకు జీతం పెంచిన చట్టమే ఆవిడకి పని లేకుండా చేసింది. పెరిగిన డబ్బు జేబులో పెట్టుకుని ఇంటికెళ్తే అన్నం సయించలేదు నాకు. జిగురు తనే కాస్తానని చొక్కా చేతులు మడిచాడు మహానుభావుడు. అన్నీ ఉండలే! ఏదో బడికి రెండువందల రిజిస్టర్లు పంపితే, తెరవగానే కాగితాలన్నీ ఒళ్ళో పడ్డాయట. బండెడూ తిరిగొచ్చాయి. "మీలో ఎవరికైనా కాయడం వచ్చురా?" అన్నాడు. మాకు రాదన్నాం నలుగురం. నాకు వచ్చు! ఆవిడే నేర్పింది.

ఐదోరోజు నన్ను తోడు తీసుకుని వాళ్ళింటికెళ్ళాడు. గుమ్మంలో కూర్చుని బట్టలు మడతపెడుతోంది. లోపలికి రమ్మనలేదు. "రేటు?" అంది. "చట్టం ప్రకారమే." "ఇంకా?" వాడు బుర్ర గోక్కున్నాడు. "అల్లుడివి కదా, గుర్తు తెచ్చుకో" అంది.

మర్నాడు స్టూలు భుజానేసుకుని వచ్చాడు. ఆ ఖర్చు కింద మాకిచ్చే టీలు మానేశాడనుకో, ఎక్కడో ఒకచోట కొయ్యకపోతే వాడికి నిద్రపట్టదు. ఆవిడ దాన్ని తుడిచి పొయ్యి పక్కన వేసుకుని... కూర్చోలేదు! కూర్చుని తిప్పితే చేతికి బలం చాలదుట. ఇంకొకరు కూర్చోబోతే మాత్రం గరిటె లేచేది. తిండివేళకి ఎక్కేది, కాళ్ళు నేలకందక ఊగుతుండగా, మహారాణిలా. అలా తొమ్మిదేళ్ళు. కన్నుమూసేముందు, "ఇది శీర్షాసనానికి ఇవ్వండి" అందట.

ఏయ్, లేస్తావేం? అవును, అదే. కూర్చో తల్లీ, కూర్చోడానికే తెచ్చారు దాన్ని. అవునూ, కుటుంబం అన్నాడే మీ మేనేజరు, అప్పుడు నిన్ను కూర్చోమన్నాడా, నిలబెట్టే చెప్పాడా?