ఒక్క వాషరు మందం

ఢిల్లీ కరోల్ బాగ్ సందులో ఇద్దరు సివిల్స్ అభ్యర్థులు రెండు పాత సైకిళ్ళు విప్పి ఒక సైకిలు బిగించారు. ఫ్రేము, వెనక చక్రం సిద్దిపేట అతనివి. పెడళ్ళు, ముందు పళ్ళచక్రం తెనాలి అతనివి. తొక్కితే చైను ఊడిపోతోంది. తెనాలి అతను వెనక గొంతుక్కూర్చుని ఒంటికన్నుతో చూశాడు.

“చైను ఏటవాలుగా పోతోంది గురూ. నీ వెనక చక్రం లోపలికుంది.”

“నా చక్రం మంచిగనే ఉంది తమ్మీ. నీ పళ్ళచక్రమే బయటికున్నది.”

“నా సైకిలుకి ఏనాడూ ఊడలేదు.”

“అది నీ ఫ్రేము. ఇది నాది. వచ్చినోడే సర్దుకోవాలె.”

“పెడళ్ళు లేకుండా నీ ఫ్రేము ఎక్కడికెళ్తుందో చూస్తాను.”

“సరే, ఏం చెయ్యాలంటవ్?”

“నీ ఇరుసుకి చైను వైపున్న వాషరు తీసి అవతలి వైపు వెయ్యి. చక్రం ఇటు జరుగుతుంది. రెండూ ఒక వరసలోకొస్తాయి.”

“అంటే నేనే జరగాల్నా?”

“ఒక్క వాషరు మందమేగా.”

“ఇయ్యాల వాషరు మందం. రేపు?”

“కోచింగులో టెస్టుకి గేటు మూసేస్తారు గురూ.”

“ఇయ్యాల వ్యాసం దేని మీద?”

“సహకార సమాఖ్య విధానం.”

సిద్దిపేట అతను పానా అందుకున్నాడు. వాషరు మారింది. చైను గీత గీసినట్టు తిరిగింది. తెనాలి అతను సీటెక్కబోయాడు.

“దిగు తమ్మీ. సీటు నా ఫ్రేముది.”

“తొక్కేవి నా పెడళ్ళు.”

“ఎనక కూసో.”

“నువ్వే కూర్చో.”

చెరోవైపు హ్యాండిలు పట్టుకుని, ఇద్దరూ ఆ సైకిల్ని కోచింగ్ సెంటరు దాకా నడిపించుకుంటూ పోయారు. దారి పొడవునా చైను ఒక్కసారి కూడా ఊడలేదు.