మేక తప్పు

ఏంటి గొణుగుతున్నావ్ యాసీన్? అంత మంచు పెట్టుకుని కొండెక్కించే లిఫ్టు ఆపేస్తారా, మీ ఊరివాళ్ళకి పిచ్చా, అనే కదా? మరాకష్ నుంచి వచ్చినవాళ్ళందరూ మొదటేడు ఇదే మాట అంటారులే. నీకు పనిచ్చిన హోటలాయన కూడా అన్నాడు. కూర్చో, టీ పొయ్యి. అంత చక్కెరా! నీ పళ్ళు నీ ఇష్టం. మూసెయ్యడమనేది ఇవాళ్టిది కాదయ్యా, మా తాతల తాతల నాటిది. మంచు కింద ఏముందనుకున్నావ్? పచ్చిక. అది మొలిచి, పెరిగి, విత్తనం రాలేదాకా అందులో కాలు పెట్టకూడదు. మనిషీ పెట్టకూడదు, గొర్రే పెట్టకూడదు. పెట్టినవాడు ఊరిపెద్దలందరికీ మేకని కోసి అన్నం పెట్టాలి. చుట్టూ ఉన్న ఊళ్ళన్నిటికీ అదే పచ్చిక మరి. ఒక్కడు ముందుగా తోలాడంటే మిగిలినవాళ్ళు ఊరుకుంటారా? తలలు పగుల్తాయి. అందుకని ఒక కాపలావాడు. ఆయన చేతిలో ఓ కర్ర. ఆ కర్ర బెలయీద్ తాత వాళ్ళింట్లోనే ఉండేది. వాళ్ళ నాన్నదీ అదే పని, వాళ్ళ తాతదీ అదే పని. అల్లా కరుణించుగాక, అలాంటి మొండిమనిషిని నేను మళ్ళీ చూడలేదు. సొంత బావమరిది గొర్రె ఒకటి తప్పించుకుని లోపలికెళితే బావమరిది చేతే మేకని కోయించాడు. పైగా ఆ విందులో కూర్చుని, "ఉప్పు తక్కువైంది బావా" అన్నాడట! చూడు మరి.

సరే, ఎక్కడున్నాం? ఆఁ. ఫ్రెంచివాళ్ళ కాలం. నాకు మీసాలు కూడా రాలేదు. వాళ్ళు చెక్కలు కాళ్ళకి కట్టుకుని కొండ మీంచి జారుతుంటే మేం పొట్టచెక్కలయ్యేలా నవ్వేవాళ్ళం. పైకి ఎక్కడం, కిందికి రావడం, మళ్ళీ పైకి ఎక్కడం! "పైన ఏమన్నా మర్చిపోయారేమో" అనేది మా అమ్మ. అప్పుడు లిఫ్టులేమున్నాయి, మా కంచరగాడిదల మీదే ఎక్కించేవాళ్ళం. ఒకేడు వసంతం వచ్చినా మంచు కరగలేదు. పెద్దలు పచ్చిక మూసేశారు. ఆ మర్నాడే ఒక డాక్టరూ ఆయన భార్యా వచ్చి హాయిగా జారుతున్నారు. బెలయీద్ తాత కర్ర అడ్డం పెట్టాడు. "దిగండి. మేక పెట్టాలి" అన్నాడు. వాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాలేదు. మా నాన్న పట్నంలో పనిచేశాడు కదా, వాళ్ళ మాట కొంచెం వచ్చు, ఆయన చెప్పాడు. డాక్టరు నవ్వాడు. "మేము గడ్డి మీద లేమే, మంచు మీద ఉన్నాం. ఒక్క పరక కూడా తినలేదు" అన్నాడు. బెలయీద్ తాత ఏమన్నాడో తెలుసా? "మా బావమరిది గొర్రె కూడా తినలేదు. ఊరికే నడిచింది" అన్నాడు. అని, వాళ్ళ చెక్కలు ఊడదీసి భుజాన వేసుకుని చక్కా వచ్చేశాడు. మేక పెట్టేదాకా తాకట్టు అన్నమాట. పాపం ఆ అమ్మగారు మోకాల్లోతు మంచులో కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళింది.

ఇంకేముంది, కబురు పైకి పోయింది. ఆ ప్రాంతం ఆఫీసరు మనిషిని పంపాడు. రేపు నేనే వస్తున్నా, చెక్కలు ఇచ్చి క్షమాపణ చెప్పకపోతే కాపలావాణ్ణి రోడ్డుకి రాళ్ళు కొట్టడానికి తీసుకుపోతా అని. పెద్దలు ఆయన చుట్టూ చేరారు. "ఇచ్చెయ్యి నాయనా, వాళ్ళతో మనకెందుకు" అని బతిమాలారు. ఆయన "రాళ్ళు కొడతాను" అన్నాడు. "నువ్వు కొడతావు, తర్వాత మా మీద పడతారు!" అని అరిచారు. ఆయన లేచి, ఆ చెక్కలు పట్టుకుని పచ్చిక పైనున్న బండ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. ఆయన రోజూ కూర్చునే చోటే. వదిలేస్తే రేపు ఏ గొర్రెలకాపరి తన మాట వింటాడు? వదలకపోతే ఊరికి కష్టం. పొద్దువాలుతోంది. ఆయన భార్య లల్లా ఈజ్జా రొట్టె మూటగట్టుకుని బయల్దేరింది. చిన్న మనిషి, నోరు మాత్రం పెద్దది, ఊరంతటికీ భయం ఆవిడంటే. దారి మలుపు తిరిగి తలెత్తి చూస్తే ఏముంది! మొగుడు చెక్కలు తాళ్ళతో కాళ్ళకి కట్టుకుని జారుతున్నాడు! పొడుగు జెల్లాబా అంగీ గాల్లో, చేతులు గాల్లో, నోరు తెరుచుకుని. వాగు దాకా జారి, తలకిందులై పడ్డాడు. ఈవిడ పరుగెత్తుకెళ్ళి చూస్తే పడ్డచోటే నవ్వుతున్నాడట. "పెళ్ళినాటి నుంచి ఈ మనిషికి పళ్ళున్నాయని నాకు తెలీదమ్మా" అని మా అమ్మతో చెప్పింది.

మర్నాడు ఆఫీసరు వచ్చాడు, డాక్టరూ ఆయన భార్యా వచ్చారు. పెద్దలు వరసగా కూర్చున్నారు. బెలయీద్ తాత లేచాడు, ఇక క్షమాపణే అనుకున్నాం. "నిన్న సాయంత్రం నేను కూడా మూసిన పచ్చికలో దిగాను. కాపలాకి కాదు, జారడానికి. నా మేక తెచ్చాను. కాపలావాడే తప్పు చేశాక కర్ర నా దగ్గర ఉండకూడదు" అని కర్ర కింద పెట్టేశాడు. ముత్తాతల నుంచి వచ్చిన కర్ర! పక్కనున్నాయన జెల్లాబా పట్టి లాగుతున్నాడు, "కూర్చోరా, ఎవడూ చూడలేదు కదరా" అని. వినందే! మా నాన్న ఇదంతా డాక్టరుకి చెప్పాడు. డాక్టరు బెలయీద్ తాత వైపు తిరిగాడు. "ఎందాకా జారావ్?" అని అడిగాడు. "వాగు దాకా." "మొదటిసారే? నేను మూడో అడుగులోనే పడ్డాను!" అన్నాడు. లేచి రెండు మేకలు కొన్నాడు, ఒకటి తనకి, ఒకటి భార్యకి. ఇక ఆఫీసరు ఎవణ్ణి పట్టుకుపోతాడు? వాడూ కూర్చుని తిన్నాడు, ఎముకలు కూడా వదల్లేదు. పోతూపోతూ డాక్టరు తన చెక్కలు బెలయీద్ తాతకే ఇచ్చిపోయాడు. అప్పటినుంచీ ఎంత పెద్ద దొరైనా, మంచు ఎంతున్నా, మూసిన రోజున ఆపాల్సిందే. నీ హోటలాయనతో చెప్పు ఈ మాట.

ఊరంతా ఆయన్ని ఆకాశానికెత్తింది. ఏం ఎత్తు వేశాడ్రా, ఫ్రెంచివాణ్ణి ఎలా ఇరికించాడ్రా అని. ఆ మాట వింటే ఆయనకి ఒళ్ళు మండేది. ఒకసారి మా నాన్న అడిగితే, "ఎత్తూ లేదు, చిత్తూ లేదు. పుట్టిందగ్గర్నుంచీ ఆ కొండని చూస్తూ కూర్చున్నాను. బుద్ధి పుట్టింది, జారాను" అన్నాడు. కర్ర మా ఇంటికొచ్చింది, మా నాన్న కాపలావాడయ్యాడు. మరుసటేడు పచ్చిక మూశాక మా నాన్న పట్టుకున్న మొదటివాడెవడనుకున్నావ్? బెలయీద్ తాతే! వల్లాహి! చలికాలమంతా జారాడు, అయినా మూసిన మర్నాడు ఒక్కసారి జారి, "మేకని కట్టేసే వచ్చానులే, పట్టుకో" అన్నాడు. ఎవడూ లేని కొండ మీద జారితే ఆ రుచే వేరట. మా నాన్న తిట్టాడు, కర్ర నేలకేసి కొట్టాడు, సాయంత్రం వాళ్ళింట్లో కూర్చుని తిన్నాడు. పైన కాస్త మంచు మిగిలితే చాలు, అలా ఏటేటా. లల్లా ఈజ్జా తిట్టుకుంటూనే ప్రతి ఏడూ ఒక మేకని విడిగా పెంచేది. ఎవరన్నా బేరానికొస్తే, "అది అమ్మేది కాదు, మా ఆయన తప్పుది" అనేది.

తర్వాత ఒక చలికాలం ఆయనకి దగ్గు పట్టింది. వదల్లేదు. పోయాడు. ఆ వసంతంలో పచ్చిక మూసిన మర్నాడు పెద్దలు కూర్చుని ఉంటే లల్లా ఈజ్జా మేకని తాడు పట్టుకుని తీసుకొచ్చింది. బాగా బలిసిన మేక. "తీసుకోండి" అంది. పెద్దలంతా మా నాన్న వైపు తిరిగారు. చివరికి మా నాన్నే, "లల్లా, తప్పు జరగందే మేకని తీసుకోకూడదు కదా. తీసుకుంటే అది మాకు తప్పు. ఇంటికి తోలుకుపో తల్లీ" అన్నాడు. ఆవిడ మా నాన్నని ఎగాదిగా చూసింది. మేకని రాయికి కట్టేసి ఇంటికెళ్ళిపోయింది. అలిగిందనుకున్నాం. చూస్తే ఆ చెక్కలు నెత్తిన పెట్టుకుని కొండ ఎక్కుతోంది! అప్పటికే ముసలిది, మోకాళ్ళనొప్పులు. ఆపడానికి ఎవరూ కదల్లేదు, మా నాన్న కూడా కదల్లేదు. బండ దాకా ఎక్కి, రెండు చెక్కలూ పక్కపక్కన పెట్టి, వాటి మీద కూర్చుని, బిస్మిల్లా అని కాలితో మంచుని తన్నింది. అరుపు ఊరంతా వినపడింది. సగం కూడా రాలేదు, పక్కకి దొర్లిపోయింది. తలగుడ్డ ఒకచోట, చెప్పులు ఒకచోట. లేచి మంచులో కూర్చుని, ఒళ్ళంతా మంచుతో, మా నాన్న వైపు చెయ్యి చూపించి అరిచింది: "ఏం చూస్తున్నావ్? కాపలావాడివి కాదూ నువ్వు? వచ్చి పట్టుకో!"

మా నాన్న కర్ర తీసుకుని వెళ్ళాడు. ఆవిడ ఎదురుగా నిలబడి కర్ర నేలకేసి కొట్టాలి, తిట్టాలి, అదీ పద్ధతి. కొట్టాడు. తిట్టబోయి, అక్కడే చతికిలబడి బావురుమన్నాడు. ఆవిడే ఆయన భుజం తట్టింది. "మేక లేతది నాయనా. మధ్యాహ్నానికల్లా ఉడికిపోతుంది" అంది.

...ఆ టీ చల్లారిపోయింది. పారబోసి వేరేది పొయ్యి.