మిద్దెమీద మరిచిపోయిన ముక్కలు

వేసవి చివర్లో కడపలో ఆపరేషన్ చేయించుకుని, వారం తర్వాత వేంపల్లెలోని ఇంటికొచ్చిన ప్రమీలమ్మ, మంచంమీద కూర్చుంటూనే భర్తను నిలదీసింది.

"ఏమయ్యా, ఊరగాయకని కొట్టిచ్చిన మామిడి ముక్కలు యాడ?"

"ఉండాయిలే. ముందు పండుకో."

"చూపిచ్చు."

ఆయన మిద్దెమీంచి కొన్ని ముక్కలు పళ్ళెంలో తెచ్చి, తల దించుకుని నిలబడ్డాడు.

"తడి ఆరాలని మిద్దెమీద పరిచింటి. అంతలో నీకు నొప్పొచ్చె. ఆ పరుగులో మర్చేపోయినా."

"ఈ ఎండకు వారమా! ఒరుగులైపోయినాయి గదయ్యా."

"ఏడాది ఊరగాయంతా పాడు చేస్తి. తిట్టుకో."

"మధ్యలో ఒక్కసారన్నా ఇంటికొచ్చి చూసుకోకూడదా? బస్సెక్కితే గంట."

"ఎట్లొస్తా? నువ్వు కండ్లు తెరిచినప్పుడల్లా నన్నే అడుగుతాండావని నర్సు చెప్పె."

ప్రమీలమ్మ ఎండిన ముక్కొకటి నోట్లో వేసుకుని గట్టిగా కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి అవి తడిగా ఉన్నాయి.

"శానా పులుపా?"

"శానా. పప్పులోకి ఏడాదంతా ఇవే. ఇంగ చూడు, పక్కింటామె అడిగితే, ఈసారి ఒరుగులే పెట్టమని నేను చెప్పిపోయినానని చెప్పు. నువ్వు మర్చిపోయినావని మాత్రం అనద్దు."