క్వారీ పేలే టైం

తాండూరు పక్క పల్లెలో మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. అతను తుపాకిని చొప్పకట్టల కింద దాస్తుంటే భార్య గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"మూతికి సైలెన్సర్ గొట్టం బిగిస్తే చప్పుడే రాదంటివి?"

"జర తగ్గుతది, మొత్తం పోదు. పెద్ద తుపాకాయె. మూతికాడి చప్పుడు గొట్టం మింగినా, తూటా గాలిని చీల్చుకుంట పోయే చప్పుడును ఎవడాపుతడు?"

"ఊరంత ఇన్నట్టే గదా మరి."

"ఇననియ్. క్వారీల రోజు పన్నెండింటికి పేలుస్తరు. సరిగ్గ గప్పుడే దుప్పిని కొట్టిన. క్వారీ చప్పుడే అనుకుంటరు."

"క్వారీ పేలింది నువ్వు ఇన్నవా?"

"నా తుపాకి మోతల అదేడ ఇనొస్తది?"

ఆమె గోడ మీది క్యాలెండర్ వంక చూసింది.

"ఇయ్యాల అమాస. క్వారీ బంద్. పొద్దటి నుంచి ఊళ్లె ఒక్కటంటే ఒక్కటే చప్పుడైంది."