డబ్బా ఒకరిది, మూత ఒకరిది

మైదుకూరులో ఒక వంటగది. పద్మశ్రీ, ఆమె తోడికోడలు సుజన స్టీలు డబ్బాలు పంచుకుంటున్నారు. పద్మశ్రీ కూతురు ప్రణీత గడప మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది.

"ఆ మూత నాది అక్కా."

"నీదైతే నా కందిపప్పు డబ్బాకు ఎట్ల పట్టింది సుజనా?"

"పన్నెండేండ్లుగా పెడతాంటే పట్టదా? పేరు చూడు. మా అమ్మ కొట్టించింది."

"డబ్బా మీద నా పేరుండాదే."

"అబ్బా, ఆగండి. ఏ డబ్బాకు ఏ మూతో, ఏ జత ఎవరిదో చెప్పే ప్రోగ్రాం, క్లాస్ అంటారు, పైథాన్‌లో రాస్తాండా. కాలేజీలో ఎట్లాగూ చూపియ్యాల. శుక్రవారం చిన్నమ్మ రాజంపేటకు కాపురం పోయే లోపల అదే పంచేస్తాది."

"ఏం చెప్తాండాది?"

"అమ్మకు ఇరవై ఆరు జతలు. చిన్నమ్మకు ఇరవై ఆరు."

"ఇంట్లో ఉండేదే ఇరవై ఆరు గదా పాపా."

"అదేమా తప్పు. నీ పేరున ఎక్కిస్తే చిన్నమ్మ కాడా కనపడతాండాది. పొద్దున్నుంచీ వెతుకుతాండా."

"జతల లిస్టు యాడ పెట్టినావు?"

"క్లాస్ మొదట్లోనే. ఒకటే లిస్టు."

"నడిమింట్లో ఒకటే బుట్ట పెట్టి ఇద్దరినీ దాంట్లోనే వేయమంటే ఎట్ల? ఎవరి బుట్ట వాళ్లకియ్యి."

"అవును. ఇనిట్ లోపల, అంటే ఒక్కొక్కరిని మొదలుపెట్టే చోట, రాయాల. అప్పుడు మనిషికొక లిస్టు పుడతాది. నీకెట్ల తెలుసుమా?"

"ఇన్నేండ్లు ఆ బుట్ట సర్దింది ఎవరు? దిద్దు."

"చూడు పాపా, మీ అమ్మకు నన్ను పంపాలని ఎంత తొందరో."

"నేనెందుకు పంపుతా? పోతాండేది నువ్వు. నేను అడిగేది మూత సంగతి."

"దిద్దినా. అమ్మకు పద్నాలుగు, చిన్నమ్మకు పన్నెండు."

"కందిపప్పు డబ్బా?"

"అమ్మ కాడ. డబ్బా మీది పేరు చూసి ఎక్కించినా."

"మూత మీది పేరు చూడవా? రెండింటి మీదా ఒకరి పేరే ఉంటేనే జత. అట్ల రాయి."

"సరే చిన్నమ్మా. రాసినా. ...అమ్మా."

"ఏంది?"

"నీకు సున్నా. చిన్నమ్మకూ సున్నా."

"మళ్లీ తప్పు రాసినావు."

"లేదుమా. డబ్బా నీదైతే మూత చిన్నమ్మది. డబ్బా చిన్నమ్మదైతే మూత నీది. ఇరవై ఆరూ అంతే."

"ఉప్పు డబ్బా?"

"అదీ."

"చెక్కిలాల డబ్బా?"

"అదీనూ."

"ఎవరు చేసినారు ఈ పని?"

"నేను కడిగేదాన్ని, నువ్వు మూసేదానివి. ఇంకెవరు అక్కా?"

"పొద్దు పోతాండాది. పాపా, మీ నాయనను అన్నానికి పిలువు."

"నాయనా, రా. సంగటి ఆరిపోతాది."

"వస్తాండా. పంచుకునేది అయిందా పద్మా?"

"అయింది. నీ తమ్ముడు శుక్రవారానికి మాట్లాడిన ట్రాలీ ఆటో వద్దని చెప్పు."

"ఏం, సుజన వాళ్లు పోరా?"

"పోతారు. ఆ అబ్బి ఉద్యోగం ఆడ ఉంటే పోక ఏం చేస్తారు."

"మరి ఆటో ఎందుకొద్దు?"

"పెద్ద లారీ మాట్లాడు. మనమూ పోతాండాం."