ఆమెన్ అనేదాకా

ఈక్వెడార్‌లో, చింబొరాసో కొండ ఎదుట, ఇంకా సూర్యుడు పైకి రాలేదు. మూడు కాళ్ళ స్టాండు మీద పాత రెండు కళ్ళ కెమెరా, దాని పక్కన సెగుందో, అతని భార్య జోయిలా.

“మళ్ళీ ఆ మాట అనకు సెగుందో. నేను తొందరగా ప్రార్థించలేదు.”

“మరి వెలుగు చాలక నెగెటివులు అంత పల్చగా ఎందుకొచ్చాయే? మా అక్క ప్రార్థిస్తే మంచు, రాళ్ళు, గడ్డి, అన్నీ ఫోటోలో పడ్డాయి. నువ్వు ప్రార్థించినవన్నీ మసి.”

“మీ అక్క సాగదీసే లెక్కన గుడ్డు ఉడకేస్తే రాయవుతుంది.”

“మా అమ్మ గుడ్డు ఉడకేసినా పరలోక ప్రార్థనతోనే సమయం లెక్కపెట్టేది. నువ్వు మొదలెట్టగానే షట్టరు తీగ నొక్కుతా, ఆమెన్ అనగానే వదుల్తా. ఇందులో తప్పెక్కడొస్తుంది?”

“గడియారం కొనుక్కోరాదూ?”

“ఒక చేత్తో గాలికి అడ్డంగా గొడుగు, ఇంకో చేత్తో షట్టరు తీగ. గడియారం ముక్కుకి కట్టుకోనా?”

“ముక్కు ఖాళీగానే ఉందిగా.”

“జోయిలా, వేళాకోళం వద్దు. రీలులో ఇంకొక్క ఫోటోకే చోటుంది. కొత్త రీలు పండగలోగా రాదు. గుడి గోడకి కొండ ఫోటో ఇస్తానని ఫాదర్‌గారికి ఊరందరి ముందు మాటిచ్చాను. ఇది పోతే తలెత్తుకోలేను.”

“కిందికన్ను మూత తీశావా? పైకన్నుతో చూసి మురిసిపోయి మర్చిపోతావు.”

“తీశాను. ఎర్రగాజు కూడా పెట్టాను, ఆకాశం నల్లగా దిగుతుంది. నువ్వు నిజం చెప్పు. మధ్యలో ఏమైనా వదిలేస్తున్నావా?”

“కొండ ముందు మేస్తున్న ఆ లామా కదుల్తోంది చూడు.”

“లామా సంగతి నేను చూసుకుంటా. వదిలేస్తున్నావా, లేదా?”

“…కొంచెం.”

“ఎంత కొంచెం?”

“క్షమించే వాక్యం దగ్గరికొచ్చేసరికి నోరు పెగలదు. అక్కణ్ణుంచి నేరుగా ఆమెన్.”

“ఓసి నా తల్లీ. సగానికి సగం ప్రార్థన ఎగ్గొట్టావా? ఎవర్ని క్షమించలేక?”

“తెలీనట్టు అడుగు. పండగకి ఫనెస్కా పులుసు వండే గిన్నెలో ఫిలిం కడిగే మందు కాచిందెవరు? మా అమ్మ ఇచ్చిన గిన్నె. నల్లగా మాడినట్టయిపోయింది. మనసులో కోపం పెట్టుకుని క్షమించానని దేవుడికి అబద్ధం చెప్పనా? ఆయనకి తెలీదా?”

“దానికి బదులు తెల్లటి కొత్త గిన్నె తెచ్చిచ్చాగా.”

“తెచ్చావు. ముచ్చటగా ఉంది. అందుకే అటక మీద గుడ్డ చుట్టి దాచాను. గురువారం ఫాదర్‌గారు ఫనెస్కాకి వచ్చినప్పుడే దించుతా.”

“ఆఁ. దించుదువుగానీ. మబ్బు తొలిగింది చూడు, మన చింబొరాసో అయ్య మొహం మొత్తం కనిపిస్తోంది. జోయిలా, నాది తప్పే. గిన్నె విషయంలో బుద్ధి తక్కువ పని చేశాను. క్షమించు.”

“కొండ కోసం అడుగుతున్నావా, నా కోసమా?”

“ఇద్దరి కోసం.”

“కనీసం అబద్ధం చెప్పలేదు. సరే, క్షమించాను. మొదలెట్టనా?”

“నిదానంగా. గొంతు వినపడేలా. ఏయ్ లామా, కదలకు. ఊఁ, కానీ. నొక్కాను.”

“పరలోకంలో ఉన్న మా తండ్రీ…”

“బాగుంది, బాగుంది. అలాగే.”

“మాట్లాడకు. …మా ఆహారం మాకివ్వు…”

“జోయిలా, ఇప్పుడు ఆ వాక్యమేగా?”

“ఊఁ.”

“అయితే ఒక్క మాట. నీ నోట్లోంచి అది బయటికి రాకముందే చెప్పేస్తే, ఒకే క్షమాపణలో రెండూ పోతాయి. కొత్త గిన్నెలో కూడా కాచాను.”

“ఏ గిన్నెలో?”

“అటక మీదదే. మొన్న నువ్వు సంతకెళ్ళినప్పుడు. తోమి మళ్ళీ గుడ్డ చుట్టేశాను. మరక కొంచెమే. నువ్వు ప్రార్థన ఆపకు.”

“…”

“జోయిలా, ఆ వాక్యం అను.”

“…”

“పోనీ వాక్యం వదిలెయ్. పాత పద్ధతిలోనే ఆమెన్ అనెయ్. షట్టరు తెరిచే ఉంది, వేలు లాగేస్తోంది. వెలుగంతా లోపలికి పోతోందే. నా కొండ ఉత్త తెల్లకాగితమైపోతుంది.”

“అవనీ. నా గిన్నె కూడా తెల్లగానే ఉండేది.”