ఏలీసమ్మ దేవుడి గుణం బయటపెట్టిన కథ

ఏలీసమ్మకి సంఘంలో బల్ల ఆపేశారంట. బల్లంటే తెలుసుగా, నెలకోసారి చర్చిలో అయ్యగారు రొట్టె, ద్రాక్షరసం ఇస్తాడే, అది. ఎందుకు ఆపారంటే, ఈమెకి సంతోషమ్మని ఒక తోటికోడలుంది. పేరుకే సంతోషమ్మ, ఆమెని చూస్తే ఏలీసమ్మకి సంతోషమనేది మచ్చుకి కూడా ఉండదు. ఇద్దరివీ పక్కపక్క కంది చేలు, మధ్యన ఒక గట్టు. నువ్వు జరిపావంటే నువ్వు జరిపావని పదేళ్ళుగా తగువు. ఒకరోజు ఏమైందంటే, ఏలీసమ్మ చర్చి మెట్ల మీదే నిలబడి, "నీ చేలో చుక్క పడకపోను, నిలువునా ఎండిపోను" అని మెటికలు విరిచి మరీ శాపనార్థాలు పెట్టింది. పెద్దలు కూర్చుని, నోరు బాగుపడేదాకా ఈమెకి బల్ల లేదన్నారు. ఆ, లేకపోతే పీడా పోయింది అనుకుందంట ఈమె కూడా. ఇంతలో కూతురు సువార్తకి కానుపై ఆడపిల్ల పుట్టింది, వచ్చే ఆదివారం బాప్తిస్మం. ఆ సంఘంలో కట్టుబాటేంటంటే, బిడ్డని అయ్యగారి ముందుకి ఎత్తుకెళ్ళేది అమ్మమ్మ. బల్ల లేని మనిషైతే ఎత్తుకోకూడదు, తర్వాతి వరసోళ్ళు ఎత్తుకోవాల. తర్వాతి వరస ఎవురు? చిన్నమ్మమ్మ, సంతోషమ్మే. ఇంకేముంది, ఏలీసమ్మకి అన్నం సయించలా.

ఉరుకులు పరుగుల మీద అయ్యగారి దగ్గరికి పోయింది. గమలియేలు అయ్యగారని, టౌను నుంచి కొత్తగా వచ్చినోడు, చదువుకున్నోడు, మాట మెత్తన. "అయ్యగారూ, నాకు బల్ల ఇప్పించండి, నా మనవరాల్ని అది ఎత్తుకుంటే నేను బతకను" అని కూలబడింది. ఆయన ఆలోచించి, అమ్మా, మీకు శిక్షేం వద్దు, ఈ వారమంతా చుట్టూ చూడండి, ఎండా వానా చెట్టూ పిట్టా అన్నీ చూడండి, వాటిల్లో దేవుని గుణం కనబడుద్ది, "ఆదివారం లేచి ఆ గుణమేంటో నలుగురిలో చెప్పండి, చాలు" అన్నాడు. అక్కడొచ్చింది తంటా. మన ఊళ్ళల్లో ఒకళ్ళ గుణం నలుగుర్లో చెప్పడమంటే ఏంటి? పొగడటమా? పరువు తియ్యడం. "దాని గుణం నాకు తెలీదా, నలుగుర్లో పెడతానుండు" అంటామే, అదీ. ఏలీసమ్మ బిత్తరపోయి, "దేవుడిదేనా అయ్యగారూ?" అంది. దేవుడిదే అన్నాడు. "ఆయనేం అనుకోడా?" అంది. సంతోషిస్తాడన్నాడు. సరే, మనకి బల్ల కావాల, ఆయనకి లేని బాధ మనకెందుకని ఇంటికొచ్చింది.

పదేళ్ళు తోటికోడలి తప్పులు పట్టిన కన్ను, తీసుకొచ్చి దేవుడి మీద పెట్టింది అనుకో. సోమవారం పొద్దున్నే చూసింది గదా, ఎండొచ్చి ముందు సంతోషమ్మ వాకిట్లోనే పడింది. ఇదొకటి అనుకుంది. మంగళవారం మునగ చెట్టు చూసింది. నాటిందీ నీళ్ళు పోసిందీ ఈమె, కాయలన్నీ గోడ దాటి సంతోషమ్మ వైపు. ఇది రెండు. బుధవారమైతే ఈమె కోడి, సాక్షాత్తూ ఈమె కోడి, సంతోషమ్మ కోడిపిల్ల ఒకటి దారి తప్పొస్తే దాన్ని కూడా రెక్క కిందకి తీసుకుంది. నా కోడికి కూడా బుద్ధి లేకుండా చేశాడే అని నెత్తి కొట్టుకుంది. శనివారం మజ్జాన్నం మబ్బు పట్టింది. అప్పటికి కంది మొక్కలు తలలు వాల్చేసున్నాయి, రెండు చేలల్లోనూ. ఈమె చేలోకి పరిగెత్తి, ఆ గట్టుకి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడిందంట. "నాయనా, నా వైపు కురిపించి గట్టు దగ్గర ఆపు. ఆపావంటే నీ గుణం మంచిదని చెప్తా" అని రెండు చేతులూ రెండు పక్కలకి చాపింది. వాన దిగింది. రెండు అరచేతులూ ఒకేసారి నిండినాయి. పొరపాటేమోనని అటు తిరిగి నిలబడింది, మళ్ళీ అంతే. తడిసి ముద్దయ్యి, కాళ్ళ కింద గట్టు వంక చూసుకుంటా ఏడ్చిందంట.

ఆదివారం లేచి నిలబడింది. "అయ్యగారు చెప్పమన్నాడు కాబట్టి చెప్తన్నా, దేవుడి గుణం ఏం బాగాలేదు" అంది. అయ్యగారి కళ్ళజోడు ముక్కు కొసకి జారింది. "వారమంతా కనిపెట్టా. ఆయనకి మనోళ్ళు, కానోళ్ళు అనేది లేదు. ఎండ అంతే, మునక్కాయ అంతే. నిన్నటి వానకి నేను కళ్ళారా చూశా, ఆయనకి గట్టు కనబడలా. పదేళ్ళు నేను కాపలా కాసిన గట్టు, ఆయన లెక్కే చెయ్యలా. పగబట్టడం బొత్తిగా చేతకాదు." పెద్దలు లేవబోతే అయ్యగారు చెయ్యి చూపించి ఆపాడు. ఏలీసమ్మ గొంతు తగ్గిపోయింది. "చేతనైతే ముందు నా చేనే ఎండాల. ఆ గట్టు జరిపింది నేను. పార పెట్టి, జానెడు. అది తెలిసే నా మీద కూడా కురిపించాడు" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు సంతోషమ్మ లేచింది. ఆమె ఒళ్ళోనే ఉంది బిడ్డ, తెల్ల గౌను వేసి. ఇక జుట్లు పట్టుకుంటారనుకున్నారు జనం. సంతోషమ్మ నేరుగా ఈమె ముందుకొచ్చి, "జానెడు కాదక్కా, మూరెడు" అంది. అని బిడ్డని ఏలీసమ్మ చేతుల్లో పెట్టింది. "మెడ కింద చెయ్యి పెట్టి పట్టుకో, అమ్మమ్మవయ్యావు గానీ ఇంకా బిడ్డని ఎత్తుకోవడం రాలా" అంది. అయ్యగారు నీళ్ళు చల్లాడు, బల్ల కూడా ఇచ్చాడు. రొట్టె తీసుకునేటప్పుడు ఇద్దరి మోచేతులూ తగులుకున్నాయంట, ఒక్క తిట్టు కూడా రాలా.

గట్టు వెనక్కి జరిపారా అంటారా? జరిపారు. సోమవారమే చెరో పార పట్టుకుని పోయారు. జానెడా మూరెడా అని కాసేపు అరుచుకుని, ఎందుకొచ్చిన గొడవని, ఆ తేడా ఏదో ఏలీసమ్మ చేనుకి అటు పక్కనున్న మూడో చేలోంచి సర్దుకున్నారు. ఆ మూడో చేను మాది. వాళ్ళని కడిగేద్దామని నేను పోయి, మబ్బు కమ్మితే వాళ్ళ పక్కనే నిలబడాల్సొచ్చింది. మా ముగ్గుర్నీ ఒకే మాదిరి తడిపాడు, ఇంకేమంటాం.